పాపాల ఫైలులో ఒక శుక్రవారం

ముప్పై ఒక్క మంది విద్యార్థులు ఒకే రోజున ఒకే తప్పు చేశారు. ఒకే మాటల్లో పశ్చాత్తాపపడ్డారు. “ఈ దినము ఒక రోగితో విసుగుగా మాట్లాడితిని. పిదప నా మనస్సు మిక్కిలి బాధపడెను. ఇకపై సహనముతో మెలగుదును.” పదో ఫైలు తెరిచేసరికి ఆ వాక్యాలు నాకు నోటికి వచ్చేశాయి. ఆ ముప్పై ఒక్క మందిలో ఒకడు ఆ వారమంతా ఆటలమ్మ పోసి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అతను కూడా రోగితో విసుగ్గా మాట్లాడాడు.

మందుల కిటికీ వెనక నిలబడబోయే పిల్లల కోసం, ఇప్పటికే నిలబడుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎనభైల చివరి సంగతి. నల్గొండ వైపు ఒక ఊళ్లో ఫార్మసీ డిప్లొమా విద్యార్థులకు పాఠాలు చెప్పేవాణ్ని. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. తప్పుల గురించి రాసేటప్పుడు పేర్లు పెడితే, చదివేవాళ్లు తప్పును వదిలేసి మనిషిని పట్టుకుంటారు. ఈ సంగతి నేను ఒక కుర్రవాణ్ని ఏడిపించి నేర్చుకున్నాను.

కాలేజీకి రాకముందు నేను అచ్చంపేట దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న దవాఖానలో ఫార్మసిస్టును. మందులు ఎంత పంచానో, సభల్లో వాదనలు అంతకంటే ఎక్కువ చేశాను. ముహూర్తం, దిష్టి, తాయెత్తు, అమావాస్య, దేన్నీ వదల్లేదు. పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ని. ప్రశ్నించకుండా దేన్నీ నమ్మొద్దని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న రోజులున్నాయి. తీరా కాలేజీకి వచ్చి చూస్తే మా చదువులో ప్రశ్నకు చోటే లేదు. ప్రాక్టికల్ రికార్డు అంటే సీనియర్ రికార్డు చూసి దించిన కాపీ. బొమ్మ ఎంత బాగుంటే అన్ని మార్కులు. దగ్గు మందు కలపడం రానివాడి రికార్డులో సీసా బొమ్మకు నీడ కూడా ఉండేది.

అధ్యాపకుల శిక్షణకని హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ ఒక సైక్లోస్టైల్ కాగితం ఇచ్చారు. విద్యార్థి తాను చేసిన పనిని తానే పరిశీలించి రాసుకోవాలి, ఆ రాతలను, ఆ పనికి సంబంధించిన చీటీలను ఒకచోట దాచుకోవాలి, వృత్తి మీద బాధ్యత అలాగే అలవడుతుంది అని అందులో ఉంది. నా మతానికి గ్రంథం దొరికినట్టయింది. తిరిగి రాగానే ఆఖరు సంవత్సరం వాళ్లందరికీ తాడు కట్టిన అట్ట ఫైళ్లు ఇప్పించాను. రోజుకొక పేజీ రాయాలి. ఈ రోజు ఏం చేశాను, ఎక్కడ తప్పు చేశాను లేదా చేయబోయాను, ఎందుకు, రేపు ఏం మార్చుకుంటాను. శనివారం ఉదయం ఫైళ్లు నా బల్ల మీదికి రావాలి. మార్కులు లేవు.

వారం తిరగకముందే పిల్లలు దానికి పేరు పెట్టారు: పాపాల ఫైలు. దేవుణ్ని నమ్మని సారు దగ్గర పాపాలు ఒప్పుకోవలసి వస్తోందని వాళ్ల నవ్వు. నేనూ నవ్వాను.

మొదటి నెలలో రాతలు బాగున్నాయి. భువనగిరి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, ల్యాబులో మిక్చరు కలిపేటప్పుడు కొలత గ్లాసు తప్పుగా చూసి మందు రెండింతలు పోశానని, ఎవరూ గమనించలేదని సీసాకు లేబుల్ అంటించి బల్ల మీద పెట్టేశానని రాశాడు. చదివి పొంగిపోయాను. నిజాయితీ అంటే ఇదీ అని సోమవారం క్లాసులో ఆ పేజీ మొత్తం గొంతెత్తి చదివాను. సభలో ప్రసంగం ఇచ్చిన తృప్తి కలిగింది. ఆ రోజు నుంచి ఆ కుర్రవాడి పేరు ‘డబుల్ డోస్’. హాస్టల్లో, హోటల్లో, బస్సులో అదే పేరు. వాడు మళ్లీ ఏ తప్పూ చేయలేదు. అంటే, రాయలేదు. మిగతావాళ్లూ రాయలేదు. అప్పటి నుంచే ఫైళ్లలో “మెలగుదును”లు మొదలయ్యాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎంతో వాదనాపటిమ గల నాకు తట్టలేదు.

తట్టించినవాడు చాచా. విద్యార్థులు వారానికొక పూట ఊళ్లోని పెద్ద దవాఖానకు పోయేవాళ్లు, చదువు చివర మూడు నెలలు అక్కడే పని నేర్చుకునేవాళ్లు. అక్కడి పెద్ద ఫార్మసిస్టును అందరూ చాచా అనే పిలిచేవాళ్లు. ముప్పై ఏళ్ల సర్వీసు, తెల్ల గడ్డం, జేబులో ఎప్పుడూ సోంపు. ఆ ముప్పై ఒక్క పశ్చాత్తాపాలు పట్టుకుని పోయి ఆయన ముందు వాపోయాను.

“సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి” అన్నాడు. “గా భువనగిరి పోరడు తన తప్పు మీకు రాసిండా, ఊరికి రాసిండా?”

“నాకే రాశాడు.”

“మరి ఊరికెందుకు చదివిన్రు?”

నేను నిజాయితీ గురించి, బహిరంగ చర్చ గురించి ఏదో చెప్పబోయాను. చాచా చెయ్యి అడ్డం పెట్టాడు.

“గవన్ని మీటింగులల్ల చెప్పుండ్రి. గింతకు మీ తప్పు ఒక్కటన్న రాసి పిల్లలకు ఇచ్చిన్రా?”

“నా తప్పులా?”

“ఏం సార్, మీరు పుట్టుడు పుట్టుడే సార్ అయి పుట్టిన్రా?”

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. ఏం రాయాలో నాకు ముందే తెలుసు. తెలుసు కనుకనే కోపం వచ్చింది.

అచ్చంపేట అవతల దవాఖానలో ఉండగా అడవి లోపలి ఒక పెంట, అంటే గూడెం, నుంచి జ్వరంతో ఒకాయన వచ్చాడు. మలేరియా. మూడు రోజుల మాత్రలు పొట్లం కట్టి, ఎప్పుడెన్ని వేసుకోవాలో పొట్లం మీద అందంగా రాసి ఇచ్చాను. నోటితోనూ గబగబా చెప్పాను. ఆయన తల ఊపాడు. ఇంటికి పోయి, అన్నీ ఒకేసారి వేసుకుంటే జ్వరం మూడింతలు జల్దీగా పోతుందని మొత్తం మింగేశాడు. వాంతులై అందులో చాలావరకు పోయాయి కాబట్టి బతికాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ప్రజల అజ్ఞానం మీద వ్యాసం రాశాను. ఆయన్నే ఉదాహరణగా పెట్టి, పేరు పెట్టలేదు కానీ పెంట పేరు పెట్టి మరీ రాశాను. నలుగురూ మెచ్చుకున్నారు. ఆయనకు చదువు రాదని నేను అడిగి తెలుసుకోలేదని, “ఎట్ల వేసుకుంటవో నాకొకసారి చెప్పు” అని ఒక్క మాట అనలేదని ఆ వ్యాసంలో లేదు. నేను చెప్పాను కాబట్టి ఆయనకు అర్థమైందని నమ్మాను. జీవితమంతా ఇతరుల నమ్మకాలను చీల్చి చెండాడినవాణ్ని, నా ఈ నమ్మకాన్ని ఒక్కసారీ పరీక్షించలేదు.

ఇదంతా రాసి సైక్లోస్టైల్ తీయించి క్లాసులో పంచాను. కింద రెండు వాక్యాలు చేర్చాను: మీ పేజీలు ఇకపై నేను తప్ప ఎవరూ చదవరు. మీ స్నేహితుడి పేజీ నేను చదివి వినిపించడం తప్పు. ఆ కుర్రవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్లాసు అయ్యాక వరండాలో ఎవడో “ఏం రా డబుల్ డోస్” అంటే ఇంకొకడు “ఏయ్, సార్ చేసినదాని ముంగట వీనిదెంతరా” అన్నాడు. నా మీద పిల్లలు వేసిన జోకుల్లో నాకు నచ్చినది అదొక్కటే.

శిక్షణ కాలం మొదలైంది. హాలియా వైపు కాల్వ కింది ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి దవాఖాన మందుల కిటికీ దగ్గర పని నేర్చుకుంటోంది. తల్లిదండ్రులు నాట్లకు, కోతలకు కూలి పోయేవాళ్లు. చర్చి పాస్టరు నచ్చజెప్పి చదివించాడు. వాళ్ల వాడలో ఇంటర్ దాటిన ఆడపిల్ల ఈమే. మాటలు తక్కువ, చెయ్యి వేగం. చాచాకు ఆమె పని మీద గురి.

ఒక శనివారం ఉదయం ఫైళ్లు తెరిచి చాయ్ తాగుతూ చదువుతున్నాను. ఆమె పేజీ వచ్చింది. నిన్నటిది, శుక్రవారానిది.

అక్కడ మాత్రలు పెద్ద డబ్బాల్లో విడిగా వచ్చేవి. పది పన్నెండు డబ్బాలు బల్ల మీద వరసగా ఉండేవి. జనం తాకిడిలో ఎవరూ లేబుల్ చదవరు. చెయ్యి జాగాను బట్టి పోతుంది. ఎడమ చివర జ్వరం, నొప్పుల గోలీలు, దాని పక్కన కడుపునొప్పివి, కుడి చివర చక్కెర వ్యాధివి. చాచా ముప్పై ఏళ్లుగా అలాగే పెట్టాడు, అలాగే నేర్పాడు. శుక్రవారం చాయ్ వేళ అటెండరు బల్ల తుడిచి డబ్బాలు తిరిగి పెట్టేటప్పుడు రెండు చివరలూ మారిపోయాయి. అమ్మాయి వచ్చి కూర్చుంది. మొదట ఒక ముసలమ్మ, మోకాళ్ల నొప్పులు. రోజుకు మూడు చొప్పున అయిదు రోజులకు కట్టి ఇచ్చింది. రెండో మనిషికి ఇవ్వబోతూ మూత పెట్టేటప్పుడు లేబుల్ కనబడింది.

ఆమె రాసింది ఇలా ఉంది: “నేను గేటు దాకా ఉరికిన. అవ్వ కనబడలేదు. వాపసు వచ్చిన. లైనులో అందరూ లొల్లి చేస్తున్నారు. డబ్బాలు మళ్లీ మార్చి పెట్టిన. చాచాకు చెప్పలేదు. భయమైంది. అవ్వకు ఏ డబ్బాలోవి ఇచ్చిన్నో నూటికి నూరుపాళ్లు తెలియదు. కానీ చెయ్యి ఎడమ దిక్కే పోయింది. అవ్వ బక్కగా ఉంది. మా దిక్కు ఊరే. రాత్రి అన్నం తినలేదు.”

చక్కెర వ్యాధి లేని బక్కపలుచని ముసలామె ఆ గోలీలు రోజుకు మూడు వేసుకుంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్లు చెమటలు పట్టి, మత్తుగా పడుకుంటుంది. నిద్రే అనుకుని ఇంట్లో వాళ్లు లేపరు.

నిజం చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన ముసలమ్మ గురించి కాదు. ఈ పేజీ సూపరింటెండెంటు కంట పడితే అమ్మాయి శిక్షణ పోతుంది, నా ఫైళ్లు పోతాయి, నా పేరు పోతుంది. ఈ వరసలో ఆలోచించాను. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది. ఎంతసేపో తెలియదు కానీ, చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు లేచాను.

దవాఖానలో చాచాకు పేజీ చూపించాను. ఆయన చదివి, సోంపు తీయబోయిన చెయ్యి జేబులోనే ఉంచేసి, అమ్మాయిని పిలిచాడు. ఆమె నా చేతిలో ఫైలు చూసి గోడకు ఆనుకుంది.

“బిడ్డా, ఏడుపు తర్వాత. అవ్వది ఏ ఊరు?”

ఊరి పేరు చెప్పింది. ఓపీ రిజిస్టర్లో మనిషి పేరు దొరికింది. చాచా కిటికీ ఇంకొకరికి అప్పజెప్పి, బీరువాలోంచి గ్లూకోజ్ పాకెట్టు, డబ్బాలోంచి నొప్పుల గోలీలు తీసి సంచిలో వేసుకున్నాడు. ముగ్గురం హాలియా బస్సెక్కాం.

బస్సులో అమ్మాయి అడిగింది: “సార్, అవ్వకు ఏమన్న అయితే నన్ను పోలీసులు పట్టుకపోతరా?”

చాచా అన్నాడు: “పట్టుకపోతే ముగ్గురిని పట్టుకపోతరు. జీపుల జాగా ఉంటది, నువ్వు నడిమిట్ల కూసో.”

బస్సు స్టేజీ దగ్గర దిగి కాల్వ కట్ట మీద మైలున్నర నడిచాం. నడిచాం అంటున్నాను కానీ అమ్మాయి ఉరుకుతూనే ఉంది. ఊళ్లో ఇల్లు అడిగితే చూపించారు. తలుపు దగ్గరికి వేసి ఉంది. చాచా పిలిచాడు. పలుకు లేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు. అమ్మాయి తలుపు తోసింది. లోపల ఖాళీ మంచం.

వెనక నుంచి గొంతు వినబడింది. “ఎవరయ్యా మీరు? ఎవరింట్ల సొస్తున్రు?”

పక్కింటి అరుగు మీద, చాట ఒళ్లో పెట్టుకుని, కందులు ఏరుతూ కూర్చుంది అవ్వ. నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. చాచా నోట్లోంచి అల్లా పేరు వచ్చింది. అమ్మాయి వెళ్లి అవ్వ ముందు కూర్చుంది.

“అవ్వా, నిన్న ఇచ్చిన గోలీలు ఏసుకున్నవా?”

“నువ్వు దవాఖాన పిల్లవు గదా? లేదు బిడ్డా. నిన్న మాపటి సంది అమాస. అమాసల కొత్త మందు మొదలు పెట్టద్దంటరు గద. రేపు పొద్దుగాల సంది ఏసుకుందామని దూలం సందుల పెట్టిన.”

నేను నోరు తెరిచాను. అమావాస్య మీద నేను రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. చాచా నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను.

పొట్లం తెప్పించి విప్పాం. చక్కెర వ్యాధి గోలీలే. పదిహేనూ ఉన్నాయి.

ఆ పొట్లాన్ని మేము మాట్లాడకుండా మార్చి ఇచ్చేసి రావచ్చు. అవ్వకు తెలిసేది కాదు. నేను ఆ ఆలోచనలో ఉండగానే అమ్మాయి చెప్పేసింది.

“అవ్వా, నేను తప్పిచ్చిన. ఇవి చక్కెర బీమారి గోలీలు. నువ్వు ఏసుకుంటే పానం మీదికి వస్తుండె.”

అవ్వ చాట పక్కన పెట్టింది. “అయితే గింత దూరం గిది చెప్పనీకె వచ్చినవా?”

“అవును.”

“గా పెద్ద సార్లు తోలిన్రా?”

“లేదవ్వా” అన్నాడు చాచా. “మమ్ముల గా పిల్లనే తోలుకొచ్చింది.”

“నువ్వు చెప్పకుంటే నాకెట్ల ఎరుకైతుండె, బిడ్డా” అంది అవ్వ. తర్వాత గొంతు మార్చి, “నా పానం తియ్యవోయి మళ్ల నువ్వే ఏడుస్తవేందే? తిన్నవా, లేదా? మొకం చూడు, పీక్కపోయింది.”

చాచా సంచిలోంచి గ్లూకోజ్ పాకెట్టు తీశాడు. అవ్వ కోసం తెచ్చింది. అవ్వ చెంబుతో నీళ్లు తెస్తే, కలిపి అమ్మాయికి తాగించాడు. మిగిలింది నాకిచ్చాడు. వద్దనలేదు.

తెచ్చిన సరైన గోలీలు అమ్మాయి పొట్లం కట్టింది. ఎట్లా వేసుకోవాలో చెప్పింది. ఆ తర్వాత, నేను అడవి అంచున ఆ మనిషిని అడగని మాట అడిగింది. “ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అవ్వా, ఎట్ల ఏసుకుంటవు?” అవ్వ వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పింది. చివర, “రేపటి సంది” అని గట్టిగా కలిపింది.

తిరుగు దారిలో చాచా ఆగలేదు. “సార్, ఇయ్యాల అమాసకు ఒక్క సలాం కొట్టుండ్రి. మీ సొమ్మేం పోతది?”

“కొట్టను చాచా” అన్నాను. ఒళ్లంతా తేలికైంది కదా, వాదించే ఓపిక తిరిగి వచ్చింది. “అమావాస్య ఒక్క రోజు ఆపింది. రేపు అదే నమ్మకం పాడ్యమి మంచిదని చెప్పి ఆ గోలీలే మింగించేది. దానికి ఏ గోలీ ఏదో తెలియదు. తెలిసింది ఈ పిల్లకు. రాసింది ఈ పిల్ల.”

“గది సరే. కని గా ఒక్క రోజు లేకుంటే?”

ఆ రోజు మాకు అదృష్టం కలిసొచ్చింది. దాన్ని అదృష్టం అని ఒప్పుకోవడమే హేతువాదం. మన గొప్ప అనుకోవడం ఇంకో రకం మూఢనమ్మకం.

సాయంత్రం ముగ్గురం సూపరింటెండెంటు గదికి వెళ్లి జరిగింది చెప్పాం. ఆయన కోస్తా వైపు మనిషి. చెడ్డవాడు కాదు, కానీ పేపర్లలో పేరు పడుతుందంటే వణుకు.

“ఏవండీ మాస్టారూ, పిల్లల చేత మన మీద సాక్ష్యం రాయిస్తున్నారా? ఆ ఫైలు ఇటివ్వండి. అమ్మాయిని సోమవారం నుంచి రావద్దనండి.”

“పిల్లల పేజీలు నేను తప్ప ఎవరూ చదవరని మాటిచ్చాను. ఇవాళ ఒక ప్రాణం కోసం ఆ మాట తప్పి చాచాకు చూపించాను. మీకు చూపించాలంటే ఈమె ఒప్పుకోవాలి” అన్నాను.

అమ్మాయి నా చేతిలోంచి ఫైలు తీసుకుని తానే ఆయన బల్ల మీద పెట్టింది. దాని పక్కన నా పేజీ, ఆ అడవి అంచు పేజీ, నేను పెట్టాను.

“నాకు ఫైలు లేదు సార్” అన్నాడు చాచా. “నోటితోని చెప్త. జాగాను బట్టి చెయ్యి పెట్టుడు నేర్పింది నేను. లేబుల్ చూడమని ఒక్కనాడు చెప్పలే. ముప్పై ఏండ్ల సంది గిట్ల ఎందరికి మారినయో నాకు తెల్వదు. వాళ్లెవరూ రాసుకోలే. నేనూ రాసుకోలే. ఈ పిల్లను తీసేస్తే రేపటి సంది మళ్ల ఎవరూ రాయరు.”

సూపరింటెండెంటు రెండు పేజీలూ చదివాడు.

“ముసలావిడ ఎలా ఉంది?” అన్నాడు చివరికి.

“కందులు ఏరుతున్నది సార్” అంది అమ్మాయి.

ఆయన కళ్లద్దాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. నవ్వాడో ఏమో, చెయ్యి అడ్డం ఉంది. “సోమవారం తొమ్మిదింటికి రామ్మా. ఆలస్యం చేయకు” అని ఫైలు ఆమెకే తిరిగి ఇచ్చాడు.

మరునాడు ఆదివారమే బల్ల తీసేసి గోడకు అరలు కొట్టించారు. డబ్బాకొక గడి, గడి మీద పెద్ద అక్షరాలు. చాచా కొత్త పద్ధతి పెట్టాడు. డబ్బా తీసేటప్పుడు లేబుల్ పైకి చదవాలి, లెక్కబెట్టేటప్పుడు చదవాలి, తిరిగి పెట్టేటప్పుడు చదవాలి. మొదట్లో లైనులో జనం నవ్వేవాళ్లు. ఆయనే అందరికంటే గట్టిగా చదివేవాడు.

నేను అమ్మాయి ఫైలు కోసం శనివారం దాకా ఆగలేకపోయాను. సోమవారమే దవాఖానకు పోయి, చూపిస్తావా అని అడిగాను. కిటికీ దగ్గర జనం పలచబడ్డారు. ఆమె ఫైలు తెరిచి నా వైపు తిప్పింది. ఆ రోజు పేజీలో రెండే వాక్యాలున్నాయి.

“ఈ రోజు తప్పేమీ జరగలేదని రాయాలని ఉంది. కానీ ఇంకా మధ్యాహ్నమే అయింది.”

సంతకం చేసి, గడియారం చూసి, పక్కన టైము వేశాను. పన్నెండూ పది. ఆమె ఫైలు మూసి, అరలోంచి డబ్బా తీసి, లేబుల్ పైకి చదివింది.